బోవాకు గాజు తొట్టి సరిపోతుందా?

ప్రశ్న: ఎల్బీనగర్‌లోని ఒక అపార్ట్‌మెంటు చివరి అంతస్తులో ఉంటున్నాము. మా అబ్బాయి తనకు తెలిసినవారి దగ్గర నుంచి రెండున్నర అడుగుల బోవా కన్‌స్ట్రిక్టర్ పాము పిల్లను తెచ్చుకుంటానంటున్నాడు. ఇంట్లో ఖాళీగా ఉన్న నాలుగడుగుల చేపల తొట్టి దానికి చాలునా? బాల్కనీలో ఉంచవచ్చునా?
– కె.వి.ఆర్., ఎల్బీనగర్

జవాబు: తొట్టి కన్నా ముందు కాగితాలు చూడండి. బోవా కన్‌స్ట్రిక్టర్ మన దేశపు పాము కాదు, మధ్య, దక్షిణ అమెరికాలకు చెందినది. అది సైటిస్ (వన్యజాతుల వ్యాపారాన్ని నియంత్రించే అంతర్జాతీయ ఒప్పందం) అనుబంధాలలో ఉన్న జాతి కనుక, 2022లో సవరించిన వన్యప్రాణి సంరక్షణ చట్టమూ, 2024లో వెలువడిన నియమాలూ దానికి వర్తిస్తాయి. పాము చేతికి వచ్చిన 30 రోజుల్లోగా కేంద్ర పర్యావరణ శాఖ వారి పరివేశ్ పోర్టల్ ద్వారా నమోదుకు దరఖాస్తు చేయాలి. ఇచ్చేవారి దగ్గరే నమోదు పత్రం లేకపోతే ఆ పామును ఇంటికి తేకండి.

బాల్కనీ ఆలోచన పూర్తిగా మానుకోండి. ఎండ సూటిగా పడిన గాజు తొట్టిలో వేడి నిమిషాల్లోనే ప్రాణాంతకమవుతుంది.

ఇక చేపల తొట్టి. పిల్లగా ఉన్నప్పుడు నాలుగడుగుల పొడవు చాలుననిపించినా, పెరిగిన ఆడ బోవా సాధారణంగా ఆరు నుంచి ఎనిమిది అడుగులు ఉంటుంది, మగది కొంత తక్కువ. బాగా చూసుకుంటే ఇరవై ఏళ్లకు పైగా బతుకుతుంది. పెట్టె పొడవు, వెడల్పు కలిపితే పాము పొడవుకు తగ్గకూడదన్నది కనీస లెక్క మాత్రమే. పాము ఒళ్లు పూర్తిగా చాచుకోగలిగితే ఇంకా మంచిది. కనీసం ఆరడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న పెట్టెను ఇప్పుడే చేయించండి. పిల్ల పాము పెద్ద పెట్టెలో బెదురుతుందని కొందరు అంటారు గానీ, దాగే చోట్లు ఎక్కువగా పెడితే ఆ ఇబ్బంది ఉండదు.

చేపల తొట్టితో అసలు చిక్కు దాని పై మూతతో వస్తుంది. గాలి కోసం జాలి మూత వేస్తే వేడీ తేమా పైనుంచి పోతాయి, పైగా బయటికి దారి వెతికే పాము మూతిని ఆ జాలికి రాసి రాసి పుండు చేసుకుంటుంది. పై నుంచి దిగే చేతిని అది వేటాడే పక్షిగా భావించి బెదరవచ్చు. అందుకే ముందు వైపు తెరుచుకునే పెట్టె మేలు. వంటింటి అలమరాలకు వాడే పీవీసీ బోర్డుతో మీ వీధి వడ్రంగే దీన్ని చేయగలడు. ప్లైవుడ్ అయితే లోపలి అంచులన్నిటికీ నీరు పీల్చని పూత వేయించి, వాసన పూర్తిగా పోయేదాకా పామును లోపలికి పంపకండి. ముందుభాగంలో జారే గాజు తలుపులు, వాటికి దుకాణాల షోకేసులకు వేసే తాళం తప్పనిసరి. బోవాకు బలమెక్కువ, సందు దొరికితే తోసుకుని వస్తుంది; అపార్ట్‌మెంటు మెట్ల మీద అది కనబడితే ఏమవుతుందో చెప్పనక్కర్లేదు.

వేడి విషయంలో మన ఊరి వాతావరణానికి తగినట్టు ఆలోచించాలి. పెట్టెకు ఒక చివర 31–33 డిగ్రీల సెల్సియస్, మరో చివర 25–27 డిగ్రీలు ఉండాలి, తనకు కావలసిన చోటికి పాము తానే వెళుతుంది. చలికాలపు రాత్రులకు సిరామిక్ హీటరు, దాని చుట్టూ పాము తాకకుండా కంచె, వేడిని అదుపులో ఉంచే థర్మోస్టాట్ కావాలి. కరెంటుతో వేడెక్కే కృత్రిమ రాళ్లు మాత్రం వద్దు, కడుపు కాలుతుంది. అయితే థర్మోస్టాట్ హీటరును ఆపగలదే తప్ప గదిని చల్లబరచలేదు. మే నెలలో బయట 40 డిగ్రీలు దాటినప్పుడు, చివరి అంతస్తు స్లాబు రాత్రంతా వేడిని వదులుతున్నప్పుడు, ఏసీ ఉన్న గదే ఆధారం. కరెంటు పోతే ఏమిటన్నది కూడా ముందే చూసుకోండి. తేమ 55–70 శాతం దాకా ఉండాలి. ఎండాకాలంలో తగ్గితే కుబుసం ముక్కలు ముక్కలుగా ఊడి, కళ్లపై పొర నిలిచిపోవచ్చు. వానాకాలంలో అడుగు చిత్తడిగా ఉంటే పొలుసులు కుళ్లుతాయి. కొబ్బరి పీచు పరచి, పాము మునిగేంత నీళ్ల పాత్ర పెట్టండి, గాలి రంధ్రాలు ఒక వైపు కింద, మరో వైపు పైన వేయించండి. నోరు తెరిచి ఊపిరి తీస్తున్నా, ముక్కు దగ్గర బుడగలు కనిపించినా సరీసృపాలను చూసే పశువైద్యుని వద్దకు తీసుకెళ్లండి.

ప్రశ్న: మా పొలంలో దొరికిన రెండు తలల పాముకు ఎలాంటి పెట్టె కావాలి?
– ఎస్.ఆర్., ఇబ్రహీంపట్నం

జవాబు: ఏ పెట్టె అక్కర్లేదు. మీరు చెప్పేది మన దేశపు సాండ్ బోవా. తల, తోక ఒకేలా ఉండడం వల్ల ఆ పేరు వచ్చింది గానీ దానికి తల ఒక్కటే. విషం లేని ఈ పామును ఇంట్లో ఉంచుకోవడం, అమ్మడం చట్టరీత్యా నేరం. దానిపై లక్షల రూపాయల ఆశ చూపించేవారు మీ దగ్గరికి రావచ్చు, వారిని నమ్మకండి. పొలంలోనే కనబడిందంటే అది దాని చోటే. ఇప్పటికే పట్టి ఉంచితే ఈ రోజే అటవీ శాఖ వారికి కబురు చేయండి.