పిల్లల తల మీద చెయ్యి పెట్టి ఏమనాలి?

బాబూ,

నీ ఉత్తరం అందింది. ఆశీర్వదించడం పాస్టర్ గారి పని కదా, ఇంట్లో మనం చేయవచ్చా అని అడిగావు. నిక్షేపంగా చేయవచ్చు. బైబిల్లో ఇశ్రాయేలీయుల మొదటి ప్రధాన యాజకుడు అహరోను. అతను యాజకుడు కాకముందే, కొన్ని తరాల వెనక, ఇస్సాకు తన కొడుకులను, యాకోబు తన మనవళ్లను ఇంట్లోనే దీవించారు.

ఏమనాలో తెలియకపోతే బైబిల్లో సంఖ్యాకాండము 6వ అధ్యాయం చివర చూడు. "యెహోవా నిన్ను ఆశీర్వదించి నిన్ను కాపాడును గాక" అని మొదలయ్యే మూడు వచనాలు. 1979లో యెరూషలేములోని ఓ పాత సమాధిలో చిన్న వెండి రేకులు దొరికాయి. చుట్టలు విప్పి చూస్తే వాటి మీద ఈ దీవెన మాటలే చెక్కి ఉన్నాయి. రెండున్నర వేల ఏళ్లుగా జనం నోట నలిగిన మాటలుండగా మనం కొత్తవి వెతుక్కోనక్కర్లేదు.

పిల్లలు పడుకునే ముందు తల మీద చెయ్యి పెట్టి, పేరు పెట్టి పిలిచి చెప్పు. అర నిమిషం పని. చిన్నవాడు మెలికలు తిరుగుతాడు, "అయిపోయిందా నాన్నా" అంటాడు. పట్టించుకోకు. కానీ దీవెన వంకతో క్లాసు మాత్రం పీకకు. "బుద్ధిగా చదివితే దేవుడు దీవిస్తాడు" అన్నావంటే అది బేరం. యేసు ఎత్తుకుని దీవించిన ఆ పసివాళ్లు ఏం సాధించారని? మార్కులు తగ్గిన రోజు, నీ చేత తిట్లు తిన్న రోజు అస్సలు మానకు. ఆ రాత్రే వాళ్లకు నీ చెయ్యి ఎక్కువ అవసరం.

ఇద్దరికీ విడివిడిగా చెప్పు. తనకు రావలసిన ఇస్సాకు దీవెనను తమ్ముడు యాకోబు కొట్టేశాడని తెలిసి, "నన్ను కూడా దీవించు నాన్నా" అని ఏశావు ఎలుగెత్తి ఏడ్చిన ఘట్టం చదివితే ఇప్పటికీ నాకు గుండె బరువెక్కుతుంది.

మీ తోడల్లుడు కారు కొని, అది దేవుని దీవెనని చర్చిలో సాక్ష్యం చెప్పాడని దిగులుపడ్డావు. కొననీ, సంతోషించు. కొండమీద ప్రసంగంలో ధన్యులని యేసు చెప్పినవాళ్లలో దుఃఖపడేవాళ్లున్నారు, హింసలు పడేవాళ్లున్నారు, కార్లవాళ్ల ఊసు లేదు.

ఇక ఆఫీసులో నీ పనిని తన పేరు మీద వేసుకున్నవాడి సంగతి. ఇదే కష్టమైనది. హింసించేవారిని దీవించండి, శపించవద్దు అని రోమా సంఘానికి రాసిన పత్రిక 12వ అధ్యాయంలో అపొస్తలుడైన పౌలు రాశాడు. దానికి అతని మీద ప్రేమ పొంగి రానక్కర్లేదు. అతని పేరు చెప్పి, "ప్రభువా, అతణ్ణీ అతని పిల్లలనూ కాపాడు" అని ఊరుకో. మొదట్లో పళ్లు బిగబట్టే అంటావు, ఫరవాలేదు. ఈ సంగతి వెళ్లి అతనికి చెప్పకు, అది గొప్ప చూపించుకోవడం అవుతుంది. పై అధికారికి ఫిర్యాదు చేయాల్సి ఉంటే అదీ చెయ్యి. దీవెనకూ ఫిర్యాదుకూ పేచీ లేదు.

అమ్మాయిని అడిగానని చెప్పు.

మీ పెదనాన్న