దిగుబడి పక్కన ఇంకో గడి

చిరంజీవి అమ్మాయికి, ఆశీస్సులు.

చిన్న రైతుల ఆదాయం పెంచే పథకంలో చేరావని, మొదటి ఏడాది లక్ష్యంగా దిగుబడి పెంపును పెట్టుకున్నారని రాశావు. చాలా సంతోషం. నీ పట్టికలో దిగుబడి గడి పక్కనే ఇంకో గడి గీసుకో తల్లీ: పెట్టుబడి, కూలి, వడ్డీ పోగా ఆ ఇంటికి మిగిలిందెంత? దిగుబడి పెరిగినంత మాత్రాన మిగులు పెరగదు. ఎరువు, మందు పెంచితే గింజ పెరగవచ్చు, వాటికోసం చేసిన అప్పూ పెరుగుతుంది. అందరి పంటా ఒకేసారి అమ్మకానికి వచ్చేసరికి ధర పడిపోతుంది. అప్పిచ్చినవాడే పంట కొనేవాడైతే రైతుకు బేరమాడే వీలే ఉండదు.

ప్రపంచంలోని సేద్య కమతాల్లో దాదాపు 84 శాతం 2 హెక్టార్ల లోపువే. సాగుభూమిలో వాటి వాటా మాత్రం 12 శాతం దగ్గరే. అంత చిన్న చెక్కలో ఒక్క పంట దెబ్బతిన్నా ఏడాదంతా ఇల్లు గడవడం కష్టం. అందుకే నువ్వు చెప్పిన కొత్త విత్తనం వద్దన్న రైతును మొండివాడని రాసుకోకు. మంచి ఏడాదిలో ఎంత పండుతుందో నువ్వు చెబుతున్నావు, వాన మొహం చాటేస్తే ఏమవుతుందని ఆయన అడుగుతున్నాడు. ఆ ప్రశ్నకు జవాబు తెలుసుకున్నాకే ఊళ్లోకి వెళ్లు. పొలమంతా మార్చమనకుండా ఒక్క మడిలో వేయించు, పక్క మడిలో పాత పద్ధతి అలాగే ఉండనీ. కోతనాడు రెండింటి లెక్కా రైతు చేతే కట్టించు.

రైతులు పొలంలోనే చూసి నేర్చుకునే పొలంబడి పద్ధతి నిలబడింది అందుకే. ఇండొనేషియాలో వరిని సుడిదోమ తినేస్తుంటే మందులు కొట్టే కొద్దీ అది ఇంకా విజృంభించింది. దోమను తినే సాలీళ్లు, మిత్రపురుగులు ఆ మందులకే చచ్చిపోవడం దానికి ఒక పెద్ద కారణం. 1986లో అక్కడి ప్రభుత్వం వరిపై 57 రకాల మందుల వాడకాన్ని నిషేధించింది. 1989లో ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో పొలంబడులు మొదలయ్యాయి. రైతులు వారం వారం గట్టు మీద చేరి, దుబ్బులు విప్పి చూసి, ఏ పురుగు శత్రువో ఏది మిత్రుడో తామే తేల్చుకున్నారు. అనవసరంగా మందు కొట్టకపోవడం వల్ల మిగిలిన డబ్బు కూడా ఆదాయమే. నీ రెండో గడిలో దానికి చోటు ఉండాలి.

నిల్వ సంగతి చాలా పథకాల్లో చివరి పేజీలో ఉంటుంది, నాకది ఎప్పుడూ మింగుడుపడలేదు. పురుగు భయంతోనే ఎంతోమంది కోసిన వెంటనే అమ్మేస్తారు. కామెరూన్‌లో అలసందల కోసం అమెరికాలోని పర్డ్యూ విశ్వవిద్యాలయం వాళ్లు మూడు పొరల సంచి పద్ధతిని రూపొందించారు. మూతి బిగించి కడితే లోపలి ప్రాణవాయువు తగ్గిపోయి పురుగులు మందు లేకుండానే చస్తాయి. గింజ బాగా ఎండి ఉండాలి, అదొక్కటే షరతు. అయితే సంచి ఇచ్చి ఊరుకోకు. కోతల నెలలో అప్పు తీర్చాల్సినవాడు గింజను దాచుకోలేడు. సంచితోపాటు ఆ రెండు మూడు నెలలకు తక్కువ వడ్డీకి డబ్బు దొరికే దారి కూడా చూడాలి.

ఆడవాళ్లతో విడిగా కూర్చుని మాట్లాడు. కొత్త పద్ధతిలో కలుపుతీత పెరిగితే ఆ గంటలు ఎవరివో వాళ్లే చెబుతారు. భూమి పట్టా, అప్పు, శిక్షణ మగవాళ్లతో సమానంగా అందితే మహిళా రైతుల దిగుబడి 20 నుంచి 30 శాతం పెరగగలదని ఆహార వ్యవసాయ సంస్థ 2011 నివేదికలో అంచనా వేసింది. సమావేశాలను వాళ్లకు వీలైన వేళ పెట్టు. పై అధికారులకు వీలైన వేళ పెట్టావో, హాజరు పట్టీలో మగవాళ్ల సంతకాలే మిగులుతాయి.

ఇంకొకటి. 1970ల నుంచి ప్రపంచ బ్యాంకు ఎన్నో దేశాల్లో శిక్షణ, సందర్శన పద్ధతిని నడిపించింది. రైతులకు సాగు మెలకువలు నేర్పే విస్తరణ సిబ్బంది పక్షం పక్షం ఊళ్లకు వెళ్లేవారు. బ్యాంకు ఇచ్చే అప్పు నిధులు ఆగాక అంతమందికి జీతాలు, ప్రయాణ ఖర్చులు భరించలేక చాలాచోట్ల అది మూలపడింది. మీ నిధులు ఆగిన మర్నాడు సంచులు ఎవరు అమ్ముతారు, పొలంబడి ఎవరు నడుపుతారు, వాళ్లకు డబ్బు ఎక్కడి నుంచి వస్తుంది? ఈ మూడు ప్రశ్నలనూ మొదటి సమీక్షలోనే లేవనెత్తు. జవాబు రాకపోతే రెండో సమీక్షలోనూ అడుగు. ఈలోగా పంట వేయకముందే కొన్ని ఇళ్ల అప్పు, ఖర్చు, అమ్మకం వివరాలు రాసి పెట్టుకో. ఆ పట్టిక నాకూ ఒకటి పంపు.

ఆశీస్సులతో,
పెదనాన్న