నాలుగు ఆప్షన్లలో మూడు ఎవరివి?

ఈ నెల ఉత్తరాలన్నీ బిట్ల మీదే వచ్చాయి. టాలెంట్ టెస్టులు, స్కాలర్‌షిప్ పరీక్షలు, ఒలింపియాడ్లు, హైస్కూలు పిల్లలు రాసే లెక్కల పోటీలు. అన్నిటికీ జవాబు చెప్పే చోటు లేదు కాబట్టి ఐదు తీశాను. ఒకే ప్రశ్న పదిమంది అడిగుంటే మొదట వచ్చినవాళ్ళదే వేశాను, మిగతావాళ్ళు కోప్పడొద్దు.

సార్, మా వాడు నైన్త్, నెల్లూరులో హాస్టల్లో ఉండి చదువుతున్నాడు. దసరా సెలవులకి వచ్చి టాలెంట్ టెస్ట్ పేపర్లు చేస్తుంటే పక్కన కూర్చుని చూశాను. లెక్క చేయడు. ఆప్షన్లు ఒక్కొక్కటీ తీసుకెళ్ళి ప్రశ్నలో పెట్టి సరిపోయిందా లేదా చూస్తాడు. ఇదేందిరా అంటే "అమ్మా, అందరూ ఇట్లే చేస్తారు" అంటాడు. ఇది దొంగ లెక్క కాదా?
– ఒక తల్లి, కావలి

దొంగ లెక్కేం కాదమ్మా. ఆప్షన్లు ప్రశ్నలో భాగమే, వాళ్ళే అచ్చేసి ఇచ్చారు, వాడుకుంటే తప్పేముంది? ఉదాహరణకి, రెండంకెల సంఖ్య ఒకటుంది, దాని అంకెల మొత్తం 11, తిప్పి రాస్తే 27 పెరుగుతుంది, ఆ సంఖ్య ఏది అని అడిగి 29, 38, 47, 56 ఇచ్చారనుకోండి. x, y అనుకుని రెండు సమీకరణాలు రాసే లోపు మీవాడు 47ని తిప్పి 74 చేసి, తీసివేసి, 27 చూసి, బబుల్ నింపేసి తర్వాతి దానికి పోతాడు. పరీక్ష హాల్లో అదే తెలివి.

ఇంటి దగ్గర మాత్రం కాదు. ఇంట్లో చేసేటప్పుడు ఆప్షన్ల మీద ఒక పోస్టుకార్డు ముక్క అడ్డం పెట్టమనండి, లెక్క పూర్తయ్యాకే తీయాలి. ఎందుకంటే రేపు వాడు ఐఓక్యూఎం రాయాలనుకుంటే, అంటే దేశంలో మ్యాథ్స్ ఒలింపియాడ్‌కి మొదటి మెట్టు, అందులో అసలు ఆప్షన్లే ఉండవు. 3 గంటల టైము, 30 ప్రశ్నలు, 100 మార్కులు, జవాబు 00 నుంచి 99 లోపు ఒక సంఖ్య, అది మనమే కనుక్కుని ఓఎంఆర్‌లో నింపాలి. అక్కడ ఏం తీసుకెళ్ళి ఎక్కడ పెడతాడు? ఆ మెట్టు దాటి ఆర్‌ఎంఓకి పోతే అదీ లేదు, తెల్ల కాగితం మీద నిరూపణ రాయాల్సిందే. ఇంకొకటి, "అందరూ ఇట్లే చేస్తారు" అన్నాడు చూడండి, ఆ మాట లెక్కల్లో ఎక్కడా పనికిరాదు. కింద ఉత్తరంలో దాని సంగతి ఉంది, మీవాడితో చదివించండి.

మాస్టారూ, నేను టెన్త్. మొన్న మా స్కూల్లో పెట్టిన మ్యాథ్స్ పోటీలో ఒక బిట్: "ఒక పుట్టి, అంటే 850 కిలోల వడ్లలో తేమ 20 శాతం ఉంది. ఆరబెడితే తేమ 15 శాతానికి దిగింది. ఇప్పుడు వడ్ల బరువెంత?" ఆప్షన్లు 845, 807.5, 800, 722.5. నేను, నా ఫ్రెండ్స్ ఇద్దరు, క్లాస్ ఫస్ట్ వచ్చే అమ్మాయి, అందరం 807.5 పెట్టాం. కీలో 800 అని ఉంది. కీ తప్పు కదా?
– ఒక విద్యార్థి, కోవూరు

కీ కరెక్టే నాయనా. నలుగురూ కలిసి తప్పు చేశారు. పేపర్ తయారుచేసిన ఆయనెవరో గానీ నాకు తెగ నచ్చాడు.

మీరు చేసింది ఇది: 20 నుంచి 15కి దిగింది, 5 శాతం పోయింది, 850లో 5 శాతం 42.5, తీసేస్తే 807.5. చూడ్డానికి ఎంత ముచ్చటగా ఉందో! కానీ ఆ 15 శాతం దేంట్లో 15 శాతం? 850లో కాదు, ఆరిన తర్వాత మిగిలిన కొత్త బరువులో. అది ఎంతో మనకింకా తెలీదు, దాన్నే అడుగుతున్నారు. కాబట్టి మారేదాన్ని వదిలేసి మారనిదాన్ని పట్టుకోవాలి. కళ్ళంలో పట్టాల మీద పరిచి ఎండబెడితే నీళ్ళే పోతాయి, గింజ ఎక్కడికీ పోదు. 850లో తేమ 20 శాతం అంటే 170 కిలోల నీళ్ళు, 680 కిలోల గింజ. ఆరాక తేమ 15 శాతం అంటే అదే 680 కిలోలు ఇప్పుడు 85 శాతం. 680ని 85తో భాగించి 100తో గుణించు. 800. సరిచూసుకో, 800లో 15 శాతం 120, తీసేస్తే 680 మిగిలింది కదా? అదే మీ 807.5తో చేసి చూడు, గింజ 686 కిలోలు దాటుతుంది. ఎండలో వడ్లు ఆరతాయి గానీ కొత్త గింజలు పుట్టవు.

మిగతా ఆప్షన్లు కూడా చూడు. 845 పెట్టినవాడు శాతాన్నే కిలోలనుకుని 850లోంచి 5 తీసేశాడు. 722.5 పెట్టినవాడు 850లో 15 శాతం మొత్తంగా కోసేశాడు. అంటే ఆ మూడూ ఊరికే నోటికొచ్చిన అంకెలు కావు, ఒక్కొక్కటీ ఒక్కొక్క రకం పిల్లాడి రఫ్ వర్క్‌లో చివరి లైను. మంచి పేపర్లో తప్పు ఆప్షన్ అంటే అదే. అందుకే నీకు వచ్చిన జవాబు ఆప్షన్లలో కనిపించినంత మాత్రాన సంబరపడకూడదు, తప్పు చేసినా అది అక్కడ కనిపించేట్టే పెడతారు.

ఇంటికెళ్ళి మీ నాన్ననో తాతనో అడుగు, ఈ లెక్క నోటితో చెప్పేస్తారు. ధాన్యం కొనేచోట తేమ మిషన్‌లో గుప్పెడు గింజలు పోసి చూస్తారే, 17 శాతం దాటితే పేచీ పెడతారే, అక్కడ పుట్టికి 50 కిలోల తరుగుని 42న్నర అని పొరబడే రైతు మన జిల్లాలో ఉన్నాడా?

నమస్తే. మా తమ్ముడి కొడుకు అమెరికాలో 9వ తరగతి. అక్కడ ఏఎంసీ 10 అని పరీక్ష రాశాడు. ఏడు ప్రశ్నలు కావాలనే ఖాళీగా వదిలానని ఫోన్లో గొప్పగా చెబుతున్నాడు. ఇక్కడ మా పాప ఈఏపీసెట్‌కి చదువుతోంది, వాళ్ళ లెక్చరర్లు ఒక్కటి కూడా వదలొద్దంటున్నారు. ఎవరు కరెక్టు?
– ఒక పెదనాన్న, ఒంగోలు

ఇద్దరూ కరెక్టే, రూల్స్ వేరు.

ఏఎంసీలో 75 నిమిషాలు, 25 ప్రశ్నలు, ఒక్కోదానికి ఐదు ఆప్షన్లు. రైటయితే 6 మార్కులు, తప్పయితే సున్నా, ఖాళీగా వదిలితే 1.5. అవునండీ, ఏమీ చేయనందుకు మార్కులిస్తారు! ఐదు ప్రశ్నలు గుడ్డిగా పెట్టాడనుకోండి, సగటున ఒకటి తగిలి 6 వస్తాయి, అదే ఐదూ వదిలేస్తే 7.5. వదలడమే లాభం. ఒక ఆప్షన్ కచ్చితంగా కాదని తెలిస్తే నాలుగింటికి ఒకటి తగిలి 6, వదిలినా 6, అంటే సరికి సరి. రెండు ఆప్షన్లు కొట్టేయగలిగితే మూడింటికి 6, వదిలితే 4.5, అప్పుడు పెట్టాల్సిందే. మీవాడు ఇంత ఆలోచించి వదిలాడో, రాక వదిలాడో మాత్రం నాకు తెలీదు. ఈసారి ఫోన్ చేసినప్పుడు అడగండి.

పాప రాసే ఈఏపీసెట్‌లో 3 గంటల్లో 160 ప్రశ్నలు, నెగెటివ్ మార్కులు లేవు. అక్కడ ఖాళీ వదలడమంటే చేతిలో రూపాయి రోడ్డు మీద పారేసుకోవడమే, చివరి రెండు నిమిషాలు ఉంచుకుని మిగిలినవన్నీ ఏదో ఒకటి పెట్టేయాలి. జేఈఈ మెయిన్ మళ్ళీ ఇంకోరకం. రైటుకి 4, తప్పుకి మైనస్ 1. నాలుగు గుడ్డిగా పెడితే ఒకటి తగిలి 4 వస్తాయి, మూడు పోయి 3 ఊడతాయి, మిగిలేది 1. సగటున మాట ఇది, ఆ రోజు మన జాతకం ఎట్లా ఉంటుందో సగటుకి తెలీదు. ఒక ఆప్షన్ కొట్టేశాక పెడితే మాత్రం బాగానే గిడుతుంది. ఏ పరీక్షయినా పిల్లలు మొదట చదవాల్సింది ఆ మార్కుల రూలు, సిలబస్ ఆ తర్వాత.

సార్, 8వ తరగతి, గవర్నమెంట్ హైస్కూల్. మా ఊళ్ళో కోచింగ్ లేదు. నేను ఏ పోటీ పరీక్ష రాయొచ్చు?
– ఒక విద్యార్థిని, సింగరాయకొండ మండలం

ఎన్‌ఎంఎంఎస్ అనే స్కాలర్‌షిప్ పరీక్ష రాయి తల్లీ, అది నీలాంటివాళ్ళ కోసమే. ఇంట్లో ఏడాది ఆదాయం మూడున్నర లక్షల లోపుండాలి. రెండు పేపర్లు, ఒక్కోటి 90 బిట్లు, 90 నిమిషాలు, నెగెటివ్ లేదు. ఒకటి రీజనింగ్, రెండోది నీ క్లాసు పుస్తకాలే, అందులో లెక్కలు 20. సెలెక్టయితే తొమ్మిది నుంచి ఇంటర్ దాకా ఏడాదికి 12,000 రూపాయలు బ్యాంకులో పడతాయి. కోచింగ్ లేకపోతే పోయింది, పాత పేపర్లు మీ లెక్కల సార్‌ని అడుగు, ఏడెనిమిది తరగతుల పుస్తకాల్లో అభ్యాసాలన్నీ చెయ్యి. ఈ నెల చివర ఇచ్చిన లెక్క కూడా.

గురువుగారికి నమస్కారం. ఈ ఏడాదే టీచర్‌గా చేరాను. డిసెంబర్ 22 రామానుజన్ పుట్టినరోజుకి మా మండలంలో పిల్లలకి క్విజ్ పేపర్ నన్ను చేయమన్నారు. ప్రశ్నలు దొరుకుతున్నాయి, తప్పు ఆప్షన్లు రాయడమే రావట్లేదు. ఎక్కడన్నా తప్పు పడుతుందేమోనని టెన్షన్‌గా కూడా ఉంది.
– ఒక ఉపాధ్యాయురాలు, ఆత్మకూరు

ఆప్షన్ల సంగతి పైన వడ్ల లెక్కలో చెప్పేశాను. ప్రశ్నని ముందు ఆప్షన్లు లేకుండా మీ క్లాసులో ఇవ్వండమ్మా, పిల్లలు రకరకాల తప్పులు చేసి మీకు కావలసినవన్నీ చేతికిస్తారు.

టెన్షన్ మాత్రం ఉండాలి. నేను సర్వీసులో ఉండగా ఒక పోటీ పేపర్లో 5, 12, 13 భుజాలున్న త్రిభుజం వైశాల్యం అడిగాను. ఆప్షన్లు 30, 60, 32.5, 78. సగం చేయడం మరిచినవాడికి 60, కర్ణాన్ని ఎత్తు అనుకున్నవాళ్ళకి మిగతా రెండూ. నా తెలివికి నేనే మురిసిపోయాను. నా చేతిరాతలో 13 కాస్తా డీటీపీ చేసినవాళ్ళకి 17లా కనబడింది. 5, 12, 17 అని అచ్చయింది. నేను ప్రూఫ్ చూశాను, నా కంటికి 13లాగానే కనబడింది! పరీక్ష అయింది, దిద్దాం, దాదాపు అందరూ 30 పెట్టారు, ఎవరూ నోరు మెదపలేదు. ఒక్క అమ్మాయి ఖాళీగా వదిలి పక్కన పెన్సిల్‌తో "5 + 12 = 17, ఇది త్రిభుజం కాదు, గీత" అని రాసింది. ఆ ఒక్క మార్కుతో ఆ పిల్లకి ప్రైజు పోయింది. మేం చూసుకునే లోపే ప్రైజులు ఇచ్చేశారు. తర్వాత వాళ్ళింటికెళ్ళి జామెట్రీ బాక్స్ ఇచ్చి వచ్చాను గానీ, అది నా తప్పుకి చాలదని నాకు తెలుసు.

పెద్దవాళ్ళకీ తప్పలేదు లెండి. 1982 మేలో అమెరికాలో శాట్ పరీక్షలో ఒక ప్రశ్న ఇచ్చారు. చిన్న వృత్తం వ్యాసార్ధం పెద్దదాంట్లో మూడో వంతు, అది పెద్దదాని అంచు చుట్టూ దొర్లుకుంటూ బయల్దేరిన చోటికి వస్తే మొత్తం ఎన్ని చుట్లు తిరుగుతుంది అని. ఆప్షన్లు 3/2, 3, 6, 9/2, 9. చుట్టుకొలత మూడింతలు కాబట్టి 3 అని కీ. సుమారు 3 లక్షల మంది రాస్తే, ఆప్షన్లలో అసలు జవాబే లేదని రాతపూర్వకంగా చెప్పింది ముగ్గురు పిల్లలు. జవాబు 4. చివరికి ఆ ప్రశ్న తీసేసి అందరి మార్కులూ మళ్ళీ లెక్కేశారు.

నమ్మకం లేకపోతే ఒకే సైజు రూపాయి బిళ్ళలు రెండు తీసుకోండి. ఒకటి బల్ల మీద వేలితో నొక్కి పట్టి, రెండోదాన్ని సింహాల బొమ్మ నిటారుగా ఉండేట్టు దాని నెత్తిన ఆనించి, జారకుండా అంచు మీద దొర్లించండి. చుట్టుకొలతలు సమానం, ఒక్క చుట్టే తిరగాలి కదా? సగం దూరం వచ్చి కిందికి చేరేసరికే సింహాలు మళ్ళీ నిటారుగా నిలబడి ఉంటాయి. మొత్తం తిరిగొచ్చేసరికి రెండు చుట్లు. దొర్లడం ఒకటి, చుట్టూ తిరగడం వల్ల వచ్చేది ఇంకొకటి. శాట్ ప్రశ్నలో చిన్న వృత్తం వ్యాసార్ధం 1 అనుకుంటే, దాని కేంద్రం తిరిగే దారి వ్యాసార్ధం 3 కాదు, 3 + 1. మీ క్విజ్‌లో ఈ ప్రశ్న పెట్టండి, బిళ్ళలు చేతికిచ్చి మరీ. సరైన జవాబు, అంటే 4, ఆప్షన్లలో ఉండేట్టు చూసుకోండి.

ఈ నెల లెక్క

కౌంట్ అంటే కిలోకి ఎన్ని రొయ్యలు తూగుతాయో ఆ సంఖ్య. 40 కౌంట్ రొయ్యలు 1200, 60 కౌంట్ రొయ్యలు 1200, రెండూ ఒకే ట్రేలో కలిపేశారు. ఇప్పుడు అది ఎంత కౌంట్? 50, 48, 52, 100. జవాబు ఒక్కటే రాసి పంపితే వేయను. మిగతా మూడు ఆప్షన్లు ఎవరెవరు, ఏం చేసి పెట్టుంటారో కూడా రాయండి. చెరువుల దగ్గర పెరిగిన పిల్లలు 50 పెడితే మాత్రం మీ నాన్నకి చెబుతాను.