కాలేయ మార్పిడి తర్వాత ధమని సన్నబడింది... ఆగొచ్చా?

ప్రశ్న: మా నాన్నగారికి 56 ఏళ్లు. నాలుగు నెలల క్రితం కాలేయ మార్పిడి జరిగింది. మా బాబాయి తన కాలేయంలో కొంత భాగం ఇచ్చారు. నాన్న బాగానే తింటున్నారు, నడుస్తున్నారు. ఎల్‌ఎఫ్‌టీ (కాలేయ పనితీరు చెప్పే రక్తపరీక్ష) కూడా దాదాపు నార్మల్. కానీ మొన్న డాప్లర్ స్కాన్‌లో కాలేయ ధమని సన్నబడినట్టుందని, ఆర్‌ఐ 0.42 అని రాశారు. సీటీ యాంజియో (రక్తనాళాలను చూపే స్కాన్) చేయించమంటున్నారు. ఇది రిజెక్షనా? మళ్లీ మార్పిడి తప్పదా? ఒక నెల ఆగొచ్చా? చాలా టెన్షన్‌గా ఉంది.

జవాబు: మీ చివరి ప్రశ్నకే ముందు జవాబు చెబుతాను. ఆగొద్దు. మీ ట్రాన్స్‌ప్లాంట్ డాక్టర్ చెప్పినట్టు వెంటనే సీటీ యాంజియో చేయించండి.

నాన్నగారు హుషారుగా ఉండటం సంతోషమే. కానీ ఈ సమస్యలో మనిషి బాగున్నాడని, ఎల్‌ఎఫ్‌టీ బాగుందని నిశ్చింతగా ఉండటానికి లేదు. కాలేయానికి రక్తం రెండు దారుల్లో వస్తుంది. దాదాపు ముప్పావు వంతు పేగుల వైపు నుంచి వచ్చే పోర్టల్ సిర తెస్తుంది, మిగతాది ధమని. అందుకే ధమని సన్నబడినా కాలేయ కణాలు కొన్నాళ్లు నెట్టుకొస్తాయి. పైత్యరస నాళాలకు ఆ వెసులుబాటు లేదు. మార్పిడి చేసిన కాలేయంలో అవి దాదాపు పూర్తిగా ఈ ధమని మీదే ఆధారపడతాయి. రక్తం చాలకపోతే అవి దెబ్బతిని ఇరుకవుతాయి, పైత్యరసం నిలిచిపోతుంది, ఇన్ఫెక్షన్లు, చీముగడ్డలు మొదలవుతాయి. ఒకసారి అలా పాడైన నాళాలను బాగుచేయడం చాలా కష్టం. నేను తొందరపెడుతున్నది అందుకే.

ఆర్‌ఐ అనేది ధమనిలో రక్తం పారే తీరును చెప్పే అంకె. మామూలుగా 0.55 నుంచి 0.8 మధ్య ఉంటుంది. 0.5 కంటే తగ్గితే ధమని ఎక్కడో ఇరుకైందని అనుమానిస్తాం. డాప్లర్ ఒక్కోసారి పొరపడొచ్చు కాబట్టి సీటీతో నిర్ధారించుకోవాలి.

ఇది రిజెక్షన్ కాదు. రిజెక్షన్‌లో శరీర రోగనిరోధక శక్తి కొత్త కాలేయంపై దాడి చేస్తుంది. ఇక్కడ అనుమానం రక్తం వెళ్లే దారి ఇరుకైందని. సీటీలో అదే తేలితే చాలామందికి గజ్జల దగ్గర నుంచి సన్నని గొట్టం పంపి, బెలూన్‌తో వెడల్పు చేస్తారు, అవసరమైతే స్టెంట్ వేస్తారు. కొందరికి ఆపరేషన్‌తో సరిచేయాల్సి వస్తుంది. మళ్లీ మార్పిడి గురించి ఆలోచించేది ముఖ్యంగా ధమని పూర్తిగా మూసుకుపోయినప్పుడు, లేదా పైత్యరస నాళాలు బాగా పాడైనప్పుడు. మీరు ఇప్పుడే ఆ భయం పెట్టుకోవద్దు.

తానిచ్చిన కాలేయంలోనే లోపముందేమోనని మీ బాబాయి బాధపడుతుంటే, అది కాదని తప్పకుండా చెప్పండి. సజీవ దాత నుంచి తీసుకున్న భాగంలో ధమని సాధారణంగా 2, 3 మిల్లీమీటర్లే ఉంటుంది. అంత సన్నని నాళాన్ని కలిపిన చోట ఇరుకు ఏర్పడటం తెలిసిన సమస్యే.

సీటీకి ముందు క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష) చూపించండి. రిజెక్షన్ రాకుండా ఇచ్చే టాక్రోలిమస్ మందు వాడేవారిలో కిడ్నీల మీద ఒత్తిడి ఉంటుంది, పైగా స్కాన్ కోసం ఎక్కించే మందు కూడా వాటి మీద భారం వేయొచ్చు. ఆస్పిరిన్ లాంటివి సొంతంగా మొదలుపెట్టడం, ఆపడం వద్దు. పొగతాగే అలవాటుంటే ఈరోజే మానేయాలి, అది ధమని మూసుకుపోయే ముప్పును పెంచుతుంది.

ఈలోగా చలిజ్వరం, కామెర్లు, కడుపునొప్పి, పొట్ట లేదా కాళ్ల వాపు, రక్తపు వాంతి, నల్లటి విరేచనం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా అదే రోజు ట్రాన్స్‌ప్లాంట్ బృందం దగ్గరకు తీసుకెళ్లండి. ముఖ్యంగా జ్వరం వస్తే మాత్ర వేసి తెల్లారేదాకా చూద్దామనుకోవద్దు. రోగనిరోధక శక్తిని తగ్గించే మందులు వాడేవారిలో ఇన్ఫెక్షన్ రాత్రికి రాత్రే ముదిరిపోగలదు.