సీన్ 14 గురించి అత్తయ్య ఉత్తరం

చిన్నీ,

నీ ఎపిసోడ్ స్క్రిప్టు రెండుసార్లు చదివాను. మొదటిసారి టీవీ చూసినట్టే గబగబా, రెండోసారి ఎర్రపెన్ను పట్టుకుని. కథ నన్ను కదిలించింది. అందుకే కూర్చుని ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు నీ టెన్షన్ తీరుస్తాను. 10 రోజుల్లో అంగారకుడి దగ్గరికి తీసుకెళ్లే ఇంజన్ ఎక్కడుందని ఎవరో నిలదీశారన్నావు. అది వదిలెయ్. మన మంగళయాన్ 2013 నవంబర్ 5న శ్రీహరికోటలో బయల్దేరి 2014 సెప్టెంబర్ 24కి గానీ చేరలేదు, నిజమే. కానీ నీ కథలో అలాంటి ఇంజన్ ఉందని మొదటి నిమిషంలోనే చెప్పేశావు. పేదరాశి పెద్దమ్మ కథల్లో రెక్కల గుర్రాన్ని ఒప్పుకుంటూ పెరిగినవాళ్లం, ఇదీ ఒప్పుకుంటాం.

చిక్కంతా సీన్ 20లో ఉంది. రక్షించే నౌక రావడానికి 8 నెలలు పడుతుందని మిషన్ డైరెక్టర్ కళ్లనీళ్లు పెట్టుకుంటాడు. మరి ఆ 10 రోజుల ఇంజన్ ఏమైంది? అలాంటిది లోకంలో ఒక్కటే ఉందా? రెండోది ఇంకా తయారవలేదా? ఒక్క డైలాగుతో సరిపోతుంది. అయితే అది సీన్ 20లో వస్తే సాకులా వినిపిస్తుంది. సీన్ 3లో, అందరూ నవ్వుకుంటూ భోజనం చేస్తున్నప్పుడు, ఎవరో మాటవరసకి అనాలి. సైన్సు కాస్త అటూ ఇటూ అయినా జనం సర్దుకుపోతారు. నువ్వు పెట్టిన నియమాన్ని అవసరం వచ్చిందని నువ్వే మర్చిపోతే మాత్రం ఊరుకోరు.

దీనికి నేను వాడే ఉపాయం ఒకటుంది. ఒక నోటుబుక్కులో పేజీకి నాలుగు గళ్లు గియ్యి: టైమెంత, గాలెంత, కరెంటెంత, ఎవరికి ఏం తెలుసు. సీను సీనుకీ నింపుకుంటూ పో. నీ స్క్రిప్టుకి నేనే నింపి చూశాను. నాలుగో గడిలోనే దొరికింది: లీకు సంగతి డాక్టరుకి ఎవరూ చెప్పలేదు, చెప్పినప్పుడు ఆమె ఆ గదిలో లేదు. అయినా సీన్ 11లో దాని గురించే మాట్లాడుతోంది.

సీన్ 9లో రాళ్ల వాన తీసెయ్. గ్రహశకలాల పట్టీ అంగారకుడికీ గురుడికీ మధ్య ఉంది, నీ నౌక అంతదూరం పోనే పోదు. పోయినా అక్కడి రాళ్ల మధ్య దూరం లక్షల కిలోమీటర్లు. సీన్ 17లో ఇంజనీరు నౌక బయటి శూన్యంలో పడగానే మంచుగడ్డ అయిపోవడం కూడా కుదరదు. శూన్యం ఫ్లాస్కు లాంటిది, ఒంట్లో వేడిని అంత త్వరగా పోనివ్వదు. 1966లో హ్యూస్టన్‌లో శూన్యపు గదిలో పరీక్ష చేస్తుండగా ఒకాయన సూటు గొట్టం ఊడిపోయింది. దాదాపు 14 సెకన్లలో స్పృహ తప్పింది, వెంటనే గాలి నింపడంతో బతికాడు. తనకు చివరగా గుర్తున్నది నాలుక మీద ఉమ్మి మరగడమేనని చెప్పాడు. నీ ఇంజనీరుకీ ఓ 10 సెకన్లు ఇవ్వు. తలుపు పిడి ఎంత దూరంలో ఉందో చూపించు.

ఇక సీన్ 14. కమాండరు అంగారకుడి దగ్గర్నుంచి బెంగళూరులో ఉన్న అమ్మతో పక్క వీధిలోంచి ఫోన్ చేసినట్టు మాట్లాడుతుంది. వెలుగైనా, రేడియో తరంగమైనా సెకనుకి సుమారు 3 లక్షల కిలోమీటర్లే పోతుంది. మాట ఒకవైపు చేరడానికే దూరాన్ని బట్టి 3 నుంచి 22 నిమిషాలు పడుతుంది. ఆ మంగళయాన్ పొద్దున నీకు గుర్తుందా? స్కూల్ యూనిఫాంలో నా పక్కనే టీవీ ముందు కూర్చున్నావు. ఇంజన్ 7:17కి వెలిగితే, ఆ కబురు ఇక్కడికి అందేసరికి 7:30 అయింది. ఆ తర్వాత నౌక గ్రహం చాటుకి పోయి సిగ్నల్ ఆగిపోయింది. ఆదేశాలన్నీ ముందే ఎక్కించారు, ఇక్కడ నుంచి ఎవరూ చెయ్యగలిగిందేమీ లేదు. ఎనిమిది కావస్తుండగా మంచి కబురు వచ్చేదాకా మనింట్లో ఎవరూ కాఫీ ముట్టలేదు.

అంత బలం చేతిలో ఉండగా దాన్ని వదులుకుంటావా? ఒకవైపు 12 నిమిషాలు అనుకో. అమ్మ "తిన్నావా తల్లీ?" అని అడిగి కూర్చుంటుంది. కాఫీ మీద మీగడ కడుతుంది. 24 నిమిషాలకి కూతురు తెర మీద నవ్వుతూ "తిన్నానమ్మా, నువ్విచ్చిన కందిపొడితోనే" అంటుంది. నౌక గోడ 5 నిమిషాల క్రితమే పగిలిందని చూసేవాళ్లకి తెలుసు. ఆ వార్త అమ్మకి చేరడానికి ఇంకా 7 నిమిషాలుంది.

తెలిసినవాళ్లని అడగడానికి మొహమాటపడకు. కాలేజీలో ఫిజిక్స్ చెబుతూనే నేనొకసారి రేడియో నాటికలో పున్నమి చంద్రుణ్ణి అర్ధరాత్రి ఉదయింపజేశాను. అనంతపురం వైపు నుంచి ఒక రైతు కార్డు రాశాడు: "అమ్మా, పున్నమి చందమామ పొద్దుగుంకంగానే పొడుస్తాడు, నడిరేయికి నెత్తి మీదుంటాడు." రోజూ ఆకాశం చూసే మనిషి. ఆ కార్డు ఇప్పటికీ నా బల్ల సొరుగులో ఉంది.

ఆదివారం మల్లేశ్వరం వచ్చెయ్. సీన్ 14 తిరగరాసి రెండు కాపీలు తీసుకురా. అమ్మ మాటలు నేను చదువుతాను, కూతురి మాటలు నువ్వు చదువు. మధ్యలో గడియారం పెట్టుకుని 24 నిమిషాలూ నిజంగానే ఆగుదాం.

మీ అత్తయ్య