పాత పికప్, తగ్గిన మైలేజ్: పాఠకుల ప్రశ్నలు

ప్రశ్న: సార్, నాది పాత పికప్ అండి, పెట్రోల్ ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు. లోడు ఏమీ ఎయ్యను, రోజూ డ్యూటీకి వెళ్లి రావడానికే వాడతా. ఇంతకుముందు లీటరుకి 9 దాకా వచ్చేది ఇప్పుడు 7 దాటట్లేదు. ఈమధ్యే చూడ్డానికి బాగుంటాయని కొంచెం పెద్ద టైర్లు వేయించాను. వెనక డోరు దించేసి నడిపితే గాలి పట్టదు మైలేజ్ పెరుగుతుందని ఒకరు, ఎయిర్ ఫిల్టర్ మార్చమని ఇంకొకరు చెప్తున్నారు, ఎవరి మాట వినాలి?

జవాబు: ముందు ఆ 7 నిజంగా 7నేనా చూడాలండి. పెద్ద టైరు ఒక చుట్టు తిరిగితే పాతదానికంటే ఎక్కువ దూరం పోతుంది, మీటరుకి ఆ సంగతి తెలీదు కదా, అది పాత లెక్కే వేసుకుంటుంది. టైరు ఎత్తు 5 శాతం పెరిగిందనుకోండి, మీటరు 100 చూపించేసరికి బండి 105 కిలోమీటర్లు పోయుంటుంది, అంటే మీ 7 అసలు 7.35. అలాగని టైర్లు అమాయకం అని కాదు, బరువూ వెడల్పూ పెరిగాయి కాబట్టి కొంత తినేది అవే. ట్యాంకు ఫుల్ చేయించి, పంపు దానంతటదే కట్ అవ్వగానే ఆపేసి, మళ్లీ ఫుల్ చేయించినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన దూరాన్ని భాగించండి, అదీ రెండు మూడు ట్యాంకుల సగటు తియ్యండి.

ఇంత పడిపోయిందంటే మాత్రం ఏదో పాడయ్యుంటుంది. నా అనుమానం మొదట థర్మోస్టాట్ మీదే, ఇంజిన్ వేడెక్కేదాకా రేడియేటర్‌కి నీళ్లు పోకుండా ఆపే వాల్వ్ అది. అది తెరుచుకుని అలాగే ఉండిపోతే ఇంజిన్ సరిగ్గా వేడెక్కదు, ఇంజిన్‌కి పెట్రోల్ లెక్క చూసే కంప్యూటరేమో బండి ఇంకా చల్లగానే ఉంది అనుకుని పెట్రోల్ ఎక్కువ పంపిస్తూనే ఉంటుంది, పైగా మీ డ్యూటీ దూరం తక్కువైతే దారి పొడుగునా ఇదే తంతు. బాగా నడిపాక కూడా టెంపరేచర్ ముల్లు ఎప్పుడూ ఉండే చోటికి రాకపోతే అనుమానించండి, చిన్న పార్టే, పెద్ద ఖర్చు కాదు. తర్వాత ఆక్సిజన్ సెన్సర్ (పొగలో ఆక్సిజన్ ఎంతుందో ఆ కంప్యూటర్‌కి చెప్పేది), చెక్ ఇంజిన్ లైటు వెలుగుతుంటే ఎన్నాళ్లనుంచో ఉందిలే అని వదిలేయకుండా స్కాన్ చేయించండి, ఈ సెన్సర్ పాడవడం లాంటి పెద్ద లోపం సరిచేస్తే మైలేజ్ 40 శాతం దాకా మెరుగవ్వచ్చని అమెరికా ఇంధన శాఖే చెప్తోంది. ఇంకోటి, బ్రేకులు పెద్దగా వాడకుండా కొంత దూరం పోయి ఆపి చక్రాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి (ముట్టుకోవద్దు, కాలుద్ది), ఒక్కటే మిగతావాటికంటే బాగా వేడిగా ఉంటే అక్కడ బ్రేకు పట్టేసినట్టే. ఓవర్‌డ్రైవ్ (హైవే మీద ఇంజిన్ తక్కువ తిరిగేలా చేసే పై గేరు) ఆఫ్ లైటు వెలుగుతోందేమో కూడా చూడండి, బటన్ పొరపాటున నొక్కుకుని ఉంటే హైవే మీద ఇంజిన్ ఊరికే అరుస్తూ పోతుంది.

ఎయిర్ ఫిల్టర్ సంగతా, కార్బురేటర్ బండైతే (కంప్యూటర్ లేకుండా గాలిలో పెట్రోల్ కలిపే పాత రకం) మార్చితే తేడా తెలుస్తుంది. ఇంజెక్షన్ బండిలో గాలి తగ్గితే పెట్రోల్ కూడా కంప్యూటరే తగ్గించేస్తుంది, కాబట్టి బండి ఊపు తగ్గుతుందే గానీ మైలేజ్ పెద్దగా కదలదు. వెనక డోరు మూసే ఉంచండి. మూసుంటే తొట్టిలో గాలి అక్కడక్కడే సుడి తిరుగుతుంది, బయట గాలి దాని మీదుగా జారిపోతుంది, దించితే ఆ సుడి చెడిపోతుంది. తొట్టి మీద చదునుగా మూత వేయిస్తే కాస్త లాభం, కాస్తే.

టైర్లలో గాలి, డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ పాత సైజుకి రాసింది కాబట్టి ఈ కొత్త సైజుకి ఎంత ఉండాలో టైర్లు వేసినవాళ్లనే అడగండి, టైరు పక్కన ముద్రించి ఉండేది గరిష్ఠం, అంత పట్టించకండి.

ఇక మీ కుడికాలు. 80కి బదులు 100లో పోతే గాలి అడ్డు ఒకటిన్నర రెట్లకు పైనే అవుతుంది, పికప్ అసలే డబ్బా లాంటి బండి, ఇది మిగతా కార్లకంటే గట్టిగా దెబ్బ కొడుతుంది. పైన రాసినవన్నీ బాగుండి కూడా మైలేజ్ రాకపోతే వారం పాటు 80 దాటకుండా పోయి చూడండి.

ప్రశ్న: దిగుడులో న్యూట్రల్ వేస్తే పెట్రోల్ మిగులుతుందా?

జవాబు: ఇంజెక్షన్ బండైతే గేర్లో ఉంచి ఏక్సిలరేటర్ వదిలేస్తే చాలాసార్లు పెట్రోల్ పూర్తిగా కట్ అవుతుంది, న్యూట్రల్లో వేస్తే ఇంజిన్ ఆగిపోకుండా ఉండటానికి పెట్రోల్ పోతూనే ఉంటుంది. పైగా ఇంజిన్ పట్టు పోయి భారమంతా బ్రేకుల మీద పడుతుంది, పాత బండితో అసలు వద్దు.