విజిటర్ వీసా: డబ్బు కాగితాలపై మీ ప్రశ్నలు, మా జవాబులు

విదేశాల్లో ఉన్న పిల్లల దగ్గరికి వెళ్లాలనుకునే పెద్దల నుంచి, వాళ్లని పిలిపించుకోవాలనుకునే పిల్లల నుంచి ఈసారి వచ్చిన ప్రశ్నల్లో ఎక్కువ భాగం ఖర్చుల కాగితాల గురించే. ఒక దేశం నిబంధన ఇంకో దేశానికి పనికిరాదు కాబట్టి ఏ జవాబు ఏ దేశానిదో చూసుకుని చదవండి.

ప్రశ్న: మా అబ్బాయి అమెరికాలో హెచ్-1బీ మీద ఉద్యోగం చేస్తున్నాడు. నాకూ మా ఆవిడకూ బీ-2 విజిటర్ వీసా కోసం ఐ-134 అనే ఆర్థిక హామీ ఫారం పంపిస్తానంటున్నాడు. దానికి నోటరీ చేయించాలా? అది ఉంటే వీసా ఖాయమేనా?

జవాబు: ఖాయం కాదండీ. అసలు బీ-2 వీసాకి ఐ-134 తప్పనిసరే కాదు. ఆహ్వాన పత్రం గానీ ఆర్థిక హామీ పత్రం గానీ అవసరం లేదని, వీసా ఇవ్వాలా వద్దా అన్నది వాటిని బట్టి తేల్చరని అమెరికా విదేశాంగ శాఖే చెబుతోంది. అమెరికా ఇమిగ్రేషన్ చట్టంలోని 214(బి) సెక్షన్ ప్రకారం, విజిటర్ వీసా అడిగే మనిషి అక్కడే ఉండిపోవడానికి వస్తున్నాడనే లెక్కతోనే ఇంటర్వ్యూ మొదలవుతుంది. కాదని చూపించుకోవాల్సింది మీరే. అబ్బాయి జీతం ఎంత పెద్దదైనా ఈ ప్రశ్నకి జవాబు కాదు. మీ పెన్షను, మీ ఇల్లు, ఇక్కడ మీ మీద ఆధారపడ్డవాళ్లు, ఇంతకుముందు వెళ్లి గడువులోపు తిరిగొచ్చిన ప్రయాణాలు, ఇవే జవాబు.

అలాగని ఐ-134 దండగ అనం. డీఎస్-160 అనే వీసా దరఖాస్తు ఫారంలో ప్రయాణం ఖర్చు ఎవరు పెట్టుకుంటున్నారని అడుగుతారు. అక్కడ అబ్బాయి పేరు రాసినప్పుడు, ఆఫీసరు ఆధారం అడిగితే చూపడానికి చేతిలో ఒకటి ఉండాలి. మనిషికో ఫారం కాబట్టి మీ ఇద్దరికీ రెండు నింపాలి. నోటరీ అక్కర్లేదు. రాసిందంతా నిజమని, అబద్ధమైతే శిక్షకి లోబడతానని ఫారంలోనే ప్రకటన ఉంటుంది, దాని కింద అబ్బాయి సంతకం చాలు. విజిటర్ వీసా కోసమైతే దాన్ని అక్కడి ఇమిగ్రేషన్ ఆఫీసుకి పంపకూడదు, సంతకం చేసి మీకే పంపాలి. ఐ-864 అని ఇంకో ఫారం ఉంది. అది గ్రీన్‌కార్డు కేసులది. పొరపాటున కూడా దాన్ని మీ ఫైల్లో పెట్టకండి.

ఐ-134కి జత చేసే బ్యాంకు లెటర్‌లో ఖాతా ఎప్పుడు తెరిచారు, గడిచిన ఏడాదిలో మొత్తం ఎంత జమ అయింది, ఇప్పుడు నిల్వ ఎంత అన్న మూడూ ఉండాలి. ఉత్త నిల్వ ఒక్కటే రాసిన లెటర్ సరిపోదు. కంపెనీ ఇచ్చే లెటర్‌లో చేరిన తేదీ, చేసే పని, జీతం, ఉద్యోగం తాత్కాలికమా శాశ్వతమా అన్నవి రాయించాలి. వాటికి తోడు చివరి మూడు పే స్లిప్పులు, కిందటేడాది పన్ను రిటర్ను, డబ్ల్యూ-2 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం, పన్ను కాగితం), ఐ-797 (హెచ్-1బీ ఆమోద పత్రం) నకలు పెట్టండి. ఇంటర్వ్యూలో ఇవేవీ అడగకపోవచ్చు కూడా. అడగకుండా ఫైలు ముందుకు తోయకండి. ఎందుకు వెళుతున్నారు, ఎన్నాళ్లుంటారు, ఖర్చెవరిది అన్న మూడింటికీ డీఎస్-160లో రాసిందే నోటితోనూ రావాలి. ఆ ఫారం పిల్లలే నింపేసి పెద్దవాళ్లకి చూపించకపోవడం వల్ల చాలామంది ఇక్కడే తడబడతారు. ఇంటర్వ్యూకి ముందు దాన్ని అమ్మానాన్నల చేత ఒకసారి పూర్తిగా చదివించడం పిల్లల బాధ్యత.

ప్రశ్న: నేను బ్రిటన్‌లో ఉంటాను. మా అమ్మ వీసా తిరస్కరించారు. ఆవిడ ఖాతాలో ఎనిమిది లక్షలున్నాయి, అయినా ఆ డబ్బు ఎక్కడి నుంచి వచ్చిందో అర్థం కాలేదని రాశారు. దరఖాస్తుకి పది రోజుల ముందు నేనే పంపాను. ఎక్కువ డబ్బు కనిపిస్తే మంచిదే కదా?

జవాబు: ఎక్కువ కనిపించడమే దెబ్బ తీసింది. ఆఫీసరు వైపు నుంచి చూడండి. నెలకి ముప్పై వేల పెన్షను, నెలాఖరుకి నాలుగైదు వేలు మిగిలే ఖాతా. అందులోకి ఒకేసారి ఎనిమిది లక్షలొచ్చి పడితే అది మీ అమ్మగారి సొమ్మా, వీసా కోసం తెచ్చిన అప్పా, వీసా రాగానే వెనక్కి పోయేదా అన్నది స్టేట్‌మెంట్ చెప్పదు. బ్రిటన్ విజిటర్ నిబంధనల్లో ఇంత ఉండాలన్న కనీస మొత్తం లేదు. ఆ డబ్బు ఎలా వచ్చింది, దాని మీద హక్కు ఎవరిది అన్నదే చూస్తారు.

మీరు చేయాల్సిన పని డబ్బు పంపడం కాదు, ఖర్చు నాది అని మీ పేరుతోనే చూపించడం. బ్రిటన్ నిబంధనల్లో అనుబంధం వి, 4.3 పేరా దీనికి దారి ఇస్తోంది. వచ్చేవారి ఖర్చు వేరేవాళ్లు పెట్టుకోవచ్చు. అయితే ఇద్దరి మధ్య నిజమైన బంధుత్వమో స్నేహమో వృత్తిపరమైన పరిచయమో ఉండాలి, ఉన్నన్నాళ్లూ పోషించే స్తోమత ఉండాలి, పెట్టుకునేవాళ్లు ఇమిగ్రేషన్ చట్టాన్ని ఉల్లంఘించినవాళ్లు కాకూడదు.

మళ్లీ దరఖాస్తు చేసేటప్పుడు మీ ఆరు నెలల స్టేట్‌మెంట్, అదే ఆరు నెలల పే స్లిప్పులు పక్కపక్కన పెట్టి చూడండి. స్లిప్పులో ఉన్న నికర జీతం అదే అంకెతో ఖాతాలో పడి ఉండాలి. జీతం ఒక ఖాతాలోకి వచ్చి, చూపించే స్టేట్‌మెంట్ ఇంకో ఖాతాది అయితే రెండూ పెట్టాలి. కంపెనీ లెటర్, అక్కడ ఉండటానికి మీకున్న అనుమతి వివరాలు, ఇంటి అద్దె ఒప్పందం జత చేయండి. అమ్మగారితో బంధుత్వానికి మీ పాస్‌పోర్టు చివరి పేజీలో తల్లిదండ్రుల పేర్లున్నాయి, ఆ పేజీ నకలు మరిచిపోకండి.

ఇప్పటికే పంపిన ఎనిమిది లక్షల్ని హడావుడిగా వెనక్కి తీయొద్దు, అది ఇంకా అనుమానం. డబ్బు పంపినప్పటి రసీదు, అదే రోజు మీ ఖాతాలోంచి ఆ మొత్తం పోయినట్టున్న పేజీ, ఎందుకు పంపారో రెండు వాక్యాల లెటర్ పెడితే ఆ జమకి లెక్క తేలుతుంది.

ఫారంలోని అంకెలు కూడా సరిచూడండి. అమ్మగారి నెల ఆదాయం, నెల ఖర్చు, దాచుకున్నది, ఈ ప్రయాణానికి అయ్యేది, అందులో మీరిచ్చేది విడివిడిగా అడుగుతారు. నెల ఖర్చు పది వేలని రాసి, స్టేట్‌మెంట్‌లో నెలనెలా పాతిక వేలు తీసినట్టుంటే కాగితాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి. మామూలుగా విజిటర్ వీసా తిరస్కరణ మీద అప్పీలు ఉండదు. కొత్త దరఖాస్తులో పాత తిరస్కరణ సంగతి రాసి, వాళ్లు ఎత్తి చూపిన ఒక్కొక్క కారణానికీ ఏ కాగితం జవాబో ఒక పేజీలో చెప్పడమే మార్గం.

ప్రశ్న: స్పాన్సర్ లెటర్ ఎంత వివరంగా ఉండాలి? నమూనాలు చూస్తే మూడు పేజీలున్నాయి.

జవాబు: ఒక పేజీ చాలు. వచ్చేవారి పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే, పాస్‌పోర్టు నంబరు, మీకేమవుతారు, ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా, ఎక్కడ ఉంటారు. ఆ తర్వాత అసలైన పేరా: విమానం టికెట్లు ఎవరివి, తిండీ వసతీ ఎవరివి, బీమా ఎవరు కొంటారు, అక్కడ తిరిగే ఖర్చు ఎవరిది. ‘అన్ని ఖర్చులూ నేనే భరిస్తాను’ అన్న ఒక్క వాక్యం రాసి, టికెట్లు మాత్రం నాన్నగారి కార్డు మీద కొన్నట్టుంటే ఆ లెటర్ విలువ పోతుంది. చివర మీ ఉద్యోగం, జీతం, ఫోను నంబరు, తేదీ, సంతకం. ప్రేమాభిమానాల గురించి రాసే పేరాలు తీసేయండి.

ప్రశ్న: మాది వ్యవసాయం. ఆదాయపు పన్ను రిటర్నులు లేవు. భూమి కాగితాలు తెలుగులో ఉన్నాయి. మా అమ్మాయి దగ్గరికి వెళ్లడానికి ఆదాయం ఎలా చూపాలి?

జవాబు: రిటర్నులు లేకపోవడం తప్పేమీ కాదు, వ్యవసాయ ఆదాయానికి కేంద్ర ఆదాయపు పన్ను లేదు. కానీ రాబడి బ్యాంకులో కనిపించాలి. పంట అమ్మిన రసీదు మీద ఉన్న మొత్తం, తేదీ ఖాతాలో జమతో కలిస్తే అంతకంటే గట్టి ఆధారం లేదు. పంట డబ్బు ఏడాదికి ఒకటి రెండుసార్లే వస్తుంది కాబట్టి ఆరు నెలల స్టేట్‌మెంట్‌లో ఏమీ లేనట్టే ఉంటుంది, మీరు పన్నెండు నెలలది పెట్టండి. కౌలుకిచ్చి ఉంటే కౌలు ఒప్పందం, ఆ డబ్బు పడిన పేజీ పెట్టండి.

భూమి విలువ లెక్కగట్టి ఆడిటరు ఇచ్చే ఆస్తుల సర్టిఫికెట్ మీద జనానికి ఉన్నంత నమ్మకం ఆఫీసర్లకి ఉండదు. పొలం అమ్మి టికెట్ కొనరు కదా. ఆ సర్టిఫికెట్ మీరు తిరిగి రావడానికి ఇక్కడ ఏముందో చెబుతుంది, ప్రయాణం ఖర్చుకి డబ్బుందని చెప్పదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఉంటే రసీదు మీద గడువు తేదీ, ముందే తీసుకునే వీలు ఉందా లేదా అన్నది కనిపించేలా చూడండి.

అనువాదం సంగతి: బ్రిటన్‌కైతే ఇంగ్లిషులో లేని ప్రతి కాగితానికీ పూర్తి అనువాదం కావాలి. అది సరైన అనువాదమేనన్న ధ్రువీకరణ, తేదీ, అనువాదకుడి పూర్తి పేరు, సంతకం, సంప్రదించే వివరాలు అందులో ఉండాలి. ముఖ్యమైన నాలుగు లైన్లు మాత్రమే ఇంగ్లిషులో రాయించి పెడితే ఆ కాగితాన్ని లెక్కలోకి తీసుకోకపోవచ్చు.

ప్రశ్న: కెనడాలో ఉన్న మా అక్క అమ్మానాన్నలకి సూపర్ వీసా పెడతానంటోంది. దానికి కాగితాలు మామూలు విజిటర్ వీసాకి లాంటివేనా?

జవాబు: కాదు. అక్కకి అక్కడి పౌరసత్వమో శాశ్వత నివాసమో ఉంటేనే సూపర్ వీసా. ఒక్కసారి వెళితే ఐదేళ్ల దాకా ఉండనిస్తారు కాబట్టి షరతులూ గట్టివే. అక్క ఆదాయం ‘లికో’ అనే కనీస ఆదాయ పట్టికలోని మొత్తాన్ని అందుకోవాలి. చాలా దరఖాస్తులు దెబ్బతినేది ఇంట్లో మనుషుల లెక్క దగ్గర. అక్క, బావ, ఒక పాప అయితే ముగ్గురే అనుకుంటారు. వచ్చే అమ్మానాన్నల్ని కూడా కలపాలి, అంటే ఐదుగురి వరుసలోని అంకె చూడాలి. ఇంతకుముందు ఎవరికైనా స్పాన్సర్ చేసి ఆ హామీ ఇంకా నడుస్తుంటే వాళ్లనీ కలపాలి. ఆదాయానికి పన్ను శాఖ ఇచ్చే నోటీస్ ఆఫ్ అసెస్‌మెంట్, టీ-4 (కంపెనీ ఇచ్చే ఏడాది జీతం కాగితం), కంపెనీ లెటర్ పెట్టాలి. వైద్య బీమా కనీసం లక్ష కెనడా డాలర్లది, అడుగుపెట్టిన రోజు నుంచి కనీసం ఏడాది చెల్లేది కావాలి. కొటేషన్ పెడితే ఒప్పుకోరు. పూర్తిగానో వాయిదాల పద్ధతిలో మొదటి సొమ్మో కట్టి ఉండాలి.

మామూలు విజిటర్ వీసాకి లికో లేదు, ఆ బీమా షరతూ లేదు. ఆహ్వాన పత్రంలో మాత్రం అక్క పుట్టిన తేదీ, ఉద్యోగం, అక్కడ ఏ హోదాలో ఉందో ఆ కాగితం నకలు, ఇంట్లో ఉన్నవాళ్ల వివరాలు రాయాలి. ఆన్‌లైన్‌లో డబ్బు ఆధారాలకి ఒకే ఫైలు పెట్టనిస్తారు, అదీ 4 ఎంబీ దాటకూడదు. అందుకని అన్నిటినీ ఒక పీడీఎఫ్‌గా కలిపి, మొదటి పేజీలో ఏది ఎన్నో పేజీలో ఉందో రాయండి.

ప్రశ్న: జర్మనీ, ఫ్రాన్స్ రెండు చోట్లా మాకు బంధువులున్నారు. వాళ్లు మామూలు కాగితం మీద లెటర్ రాసిస్తే సరిపోతుందా?

జవాబు: జర్మనీలో బంధువు మీ ఖర్చు తన మీద వేసుకుంటే అక్కడి విదేశీయుల కార్యాలయానికి స్వయంగా వెళ్లి, జీతం కాగితాలు చూపించి, ‘ఫెర్‌ప్‌ఫ్లిఖ్‌టుంగ్స్‌ఎర్‌క్లేరుంగ్’ అనే బాధ్యతా పత్రం తీసుకోవాలి. రుసుము 29 యూరోలు. దాని అసలు ప్రతి మీ చేతికి రావాలి, స్కాన్ చాలదు. కాబట్టి పోస్టుకి పట్టే రోజులు లెక్కేసుకోండి. ఇది మర్యాదకి చేసే సంతకం కాదు, మీ వైద్యం ఖర్చుతో సహా ప్రభుత్వానికి ఏదైనా పడితే చట్టప్రకారం ఆ బంధువు దగ్గర వసూలు చేస్తారు. అడిగే ముందు ఆ సంగతి వాళ్లకి చెప్పడం ధర్మం.

ఫ్రాన్స్‌లో ఇంట్లో దిగేవాళ్లకి ఆ ఊరి మేయర్ కార్యాలయం ఇచ్చే ‘అతెస్తాసియోఁ దక్కెయ్’ అనే ఆతిథ్య పత్రం కావాలి, దానికి 30 యూరోల పన్ను. ఆ పత్రం ఉంటే రోజుకి చూపాల్సిన డబ్బు మనిషికి 32.50 యూరోలకి తగ్గుతుంది. హోటల్ బుకింగ్ ఉంటే 65, రెండూ లేకపోతే 120. జర్మనీ, ఫ్రాన్స్ లాంటి ఏ షెంగెన్ (ఉమ్మడి వీసా) దేశానికైనా 30,000 యూరోల ప్రయాణ బీమా ఎలాగూ ఉండాలి.

ప్రశ్న: ఒక ఏజెంటు ఖాతాలో డబ్బు పెట్టి బ్యాంకు సర్టిఫికెట్ ఇప్పిస్తానంటున్నాడు. చాలామంది చేస్తారట.

జవాబు: దయచేసి వద్దు. ఆఫీసర్లు బ్యాంకుకి ఫోన్ చేసి సరిచూస్తారు. దొంగ కాగితం దొరికితే కెనడా ఐదేళ్లు, బ్రిటన్ పదేళ్ల దాకా రానివ్వవు. అమెరికాలో ఆ అనర్హత జీవితాంతం ఉంటుంది, వెళ్లాలంటే ప్రతిసారీ ప్రత్యేక మినహాయింపు అడుక్కోవాలి. సంతకం మీది కాబట్టి ఏజెంటు చేశాడంటే వినరు. తక్కువ డబ్బు చూపి తిరస్కరణ వస్తే ఆర్నెల్లకో ఏడాదికో మళ్లీ వెళ్లొచ్చు, ఈ మచ్చ అలా పోదు.

ప్రశ్న: పాస్‌పోర్టులో మా అమ్మ ఇంటిపేరు పూర్తిగా ఉంది. బ్యాంకులో ఇంటిపేరు మొదటి అక్షరమే ఉంది. పెన్షన్ పుస్తకంలో పుట్టింటి పేరుంది. ఇబ్బందా?

జవాబు: మన పేర్లతో ఇది ఇంటింటా ఉండే చిక్కే. ముందు బ్యాంకుకి వెళ్లి పాస్‌పోర్టు చూపించి ఖాతాలో పేరు దాని ప్రకారం మార్పించండి, ఆ తర్వాతే స్టేట్‌మెంట్ తీసుకోండి. పెన్షన్ పుస్తకం మార్చడానికి నెలలు పడితే ఆగనక్కర్లేదు. ఈ మూడు పేర్లూ ఒక మనిషివేనని నోటరీ ముందు అఫిడవిట్ చేయించి, పెళ్లి సర్టిఫికెట్ ఉంటే దానితో కలిపి పెన్షన్ కాగితం వెనకే పెట్టండి. దరఖాస్తు ఫారంలో ‘ఇతర పేర్లు’ అని అడిగిన చోట పుట్టింటి పేరు తప్పకుండా రాయండి. అక్కడ ఖాళీ వదిలేస్తే అఫిడవిట్‌కీ ఫారానికీ పొత్తు కుదరదు.